కాలువ చివర టేపు డ్రైవు

“టేపు మల్ల ఆగింది సార్. ఇది మూడో క్యాట్రిడ్జి.”

1996 వానాకాలంలో గద్వాల వైపున్న ఒక బ్యాంకు శాఖ నుంచి కర్నూలుకు వచ్చిన ఫోను అది. నేనప్పుడు ఆ చుట్టుపక్కల యూనిక్స్ యంత్రాలు చూసుకునే సర్వీసు ఇంజనీరును. రాత్రి తీసే బ్యాకప్ సాఫీగా అయిపోతుందట. మధ్యాహ్నం తీసేది మాత్రం వారానికి మూడు నాలుగు రోజులు సగంలో ఆగిపోతుందట. డ్రైవు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల టేపు కదలదు. ఆ ప్రోగ్రామును చంపుదామని కిల్ మైనస్ 9 కొట్టినా చావదు. చివరికి అందరి చేతా లాగవుట్ చేయించి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాలి. ఆ అరగంటా కౌంటరు ముందు జనం నిలబడే ఉంటారు.

పొద్దున్నే బస్సెక్కాను. అలంపూర్ చౌరస్తా నుంచి శాంతినగర్ మీదుగా పోయే బస్సు. శాంతినగర్ పక్కనే మా వడ్డేపల్లి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డలో మాది తుంగభద్ర వైపు ఊరు. దారిలో రాజోలిబండ కాలువ కనిపిస్తుంది. మేమంతా ఆర్డీఎస్ అంటాం. ఆనకట్ట కర్ణాటకలో ఉంది. ఎడమ కాలువ పొడవు 143 కిలోమీటర్లు, అందులో మొదటి 40 కిలోమీటర్ల పైచిలుకు అవతలి రాష్ట్రంలోనే పారుతుంది. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. నీటి కేటాయింపు 15.9 టీఎంసీలు. కాగితం మీది లెక్క ఇది. కాలువ మొదట్లో మడి ఉన్నవాడికీ చివర ఉన్నవాడికీ ఒకే లెక్క వర్తించదని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చివరి మడికి నీళ్లు రాకపోతే తప్పు ఆ మడిది కాదు. నలభై మైళ్ల పైన ఎవరో తూము ఎత్తి ఉంటారు, గండి పడి ఉంటుంది, పూడిక పేరుకుని ఉంటుంది. ఎండిపోయిన చోటే నిలబడి చూస్తే కారణం కనపడదు.

టేపు బ్యాకప్ విషయంలో నాకు ఆ కాలువే పాఠం చెప్పింది. ఆగిపోయేది టేపు, నింద పడేదీ టేపు మీదే. మూలం మాత్రం దాదాపు ప్రతిసారీ పంపకంలో ఉండేది.

ఆ శాఖలో ఉన్న ఏర్పాటు అప్పటి బ్యాంకులన్నిటికీ పరిచయమైనదే. మేనేజరు గది పక్కన చిన్న ఏసీ గది, అందులో ఒక పెద్ద పీసీ. దాని వీపు నుంచి పన్నెండు సన్నటి తీగలు కౌంటర్లకు పోతాయి. ప్రతి తీగ చివర ఒక టెర్మినల్. టెర్మినల్‌లో లెక్క కట్టే బుర్ర ఉండదు. కీబోర్డు మీద కొట్టిన అక్షరాన్ని యంత్రానికి పంపుతుంది, యంత్రం చెప్పింది తెరమీద చూపిస్తుంది, అంతే. అందుకే దాన్ని డంబ్ టెర్మినల్ అనేవాళ్లం. పన్నెండు మంది ఒకే ప్రాసెసరునూ ఒకే డిస్కునూ ఒకే మెమరీనీ వాడుకుంటూ, ఎవరికి వారికి యంత్రం తమదే అనిపించేలా చూడటం యూనిక్స్ పని. 1983లో డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన రిజర్వ్ బ్యాంకు వేసిన కమిటీ మరుసటి ఏడు నివేదిక ఇచ్చాక మన బ్యాంకు శాఖల్లోకి కంప్యూటర్లు రావడం మొదలైంది. లెడ్జర్ పోస్టింగ్ యంత్రాల కాలం నుంచీ వాటిలో చాలావాటి మీద నడిచింది యూనిక్సే. రోజు మొదలయ్యేటప్పుడు డే బిగిన్, ముగిసేటప్పుడు డే ఎండ్, ఆ పైన టేపు. వారంలో ప్రతి రోజుకూ ఒక క్యాట్రిడ్జి, దాని మీద ఆ రోజు పేరు.

ఆ క్యాట్రిడ్జి లోపలి టేపు వెడల్పు పావు అంగుళం. 1972లో త్రీఎం కంపెనీ తెచ్చిన నమూనాకు వారసురాలు అది. మా కాలానికి ఒక్కోదానిలో 150 మెగాబైట్లు పట్టేవి. ఇవాళ ఫోనులో తీసే ఒక చిన్న వీడియోకు కూడా అది చాలదు. కానీ అప్పటికి ఒక శాఖ ఖాతాలన్నీ అందులో సర్దుకునేవి.

మామూలు రోజున పన్నెండు మందీ ఒకేసారి డిస్కు మీద పడరు. ఒకరు సంతకం సరిచూస్తుంటారు, ఒకరు నోట్లు లెక్కపెడుతుంటారు. యంత్రంలోని ఒక్కో భాగం తన వంతుకు కాసేపు పనిచేసి కాసేపు ఊరుకుంటుంది. బ్యాకప్ మొదలైతే ఆ ఊరట పోతుంది. డిస్కు ఆగకుండా చదువుతుంది, టేపు ఆగకుండా రాస్తుంది, నడుమ మెమరీ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. దానికి తోడు టెర్మినళ్లూ ప్రింటర్లూ నడుస్తూనే ఉంటాయి. నెలల తరబడి ఎవరికీ తెలియకుండా పడివున్న తగాదాలన్నీ ఆ గంటలోనే బయటపడతాయి. కాలువ నిండుగా వదిలిన రోజే గట్టు ఎక్కడ బలహీనమో తెలిసినట్టు.

మరి తగాదా దేనికోసం? ఆ కాలపు పీసీలో పంచుకోవాల్సిన వస్తువులు ముఖ్యంగా మూడు. మొదటిది పోర్టు చిరునామా. ప్రాసెసరు ఒక కార్డుతో మాట్లాడాలంటే దానికొక ఇంటి నంబరు కావాలి. రెండు కార్డులకు ఒకే నంబరు పెడితే ఇద్దరూ ఒకేసారి పలుకుతారు, మాట కలగాపులగం అవుతుంది. ఇది పట్టుకోవడం తేలిక, ఎందుకంటే సాధారణంగా రెండింటిలో ఏదీ సరిగా పనిచేయదు.

రెండోది ఇంటరప్టు గీత, మా భాషలో ఐఆర్‌క్యూ. అసలు మెలిక ఇక్కడే ఉంది. టేపు చాలా నిదానమైన పరికరం. “ఈ ముక్క రాయి” అని చెప్పి ప్రాసెసరు దాని ఎదుట నిలబడదు, వేరే పనులకు పోతుంది. రాయడం అయ్యాక టేపు కార్డు ఒక తీగ మీద సంకేతం పంపుతుంది. ఇంటి గంట కొట్టినట్టనుకోండి. గంట వినగానే ప్రాసెసరు చేతిలో పని పక్కనపెట్టి వచ్చి, “అయిందా, ఇదిగో తర్వాతి ముక్క” అంటుంది. పీసీలో అలాంటి గంటలు మొత్తం 15. వాటిలో సగానికి పైగా ముందే ఎవరో ఒకరికి ఇచ్చేసినవి. గడియారానిది ఒకటి, కీబోర్డుది ఒకటి, 3, 4 సీరియల్ పోర్టులవి, 6 ఫ్లాపీది, 7 మొదటి ప్రింటరుది, 14 హార్డ్ డిస్కుది. 8 బిట్ల చిన్న కార్డయితే దాని కష్టం ఇంకా ఎక్కువ. అది కూర్చునే స్లాటుకు 2 నుంచి 7 వరకు గంటలే అందుతాయి, పై నంబర్ల తీగలు అక్కడిదాకా రానే రావు.

కార్డులు గుచ్చే ఆ పాత ఐఎస్ఏ స్లాట్లలో గంట మోగేది బటను నొక్కిన క్షణంలో మాత్రమే. నొక్కి పట్టుకుని ఉన్నంతసేపూ మోగదు. రెండు తలుపులకు ఒకే గంట ఉందనుకోండి. ముందు తలుపు దగ్గరివాడు బటను నొక్కి వేలు తీయలేదు. అదే సమయంలో వెనక తలుపు దగ్గరివాడు నొక్కాడు. లోపలివాళ్లకు రెండో మోత వినిపించదు. ముందు తలుపు తీసి చూసి, పని చూసుకుని తిరిగి వెళ్లిపోతారు. వెనకవాడు నొక్కాననే అనుకుంటూ నిలబడతాడు. లోపలివాళ్లేమో అతను రాలేదనే అనుకుంటూ ఎదురుచూస్తారు. ఎవరూ తప్పు చేయలేదు, అయినా పని ఆగిపోయింది.

కిల్ మైనస్ 9కి ఆ ప్రోగ్రాము ఎందుకు చావలేదో ఇప్పుడు తెలుస్తుంది. అది యూనిక్స్ గుండెకాయైన కెర్నెల్ లోపలికి వెళ్లి టేపు గంట కోసం నిద్రపోతోంది. చావమని పంపిన ఆజ్ఞ అందాలంటే ముందు ఆ నిద్రలోంచి లేవాలి. గంట మోగితేనే లేస్తుంది. గంట ఇక మోగదు. నా దృష్టిలో ఆ చావని ప్రోగ్రాము ఒక మంచి సాక్షి. టేపు పాడైతే సాధారణంగా డ్రైవు ఏదో ఒక తప్పు సంకేతం పంపుతుంది, “రాయలేకపోయాను” అన్న సందేశం తెరమీద పడుతుంది. ఏ సందేశమూ లేకుండా మౌనంగా నిలిచిపోయిందంటే గంట ఎక్కడో తప్పిపోయిందేమోనని ముందుగా అనుమానించాలి.

నేను శాఖలోకి వెళ్లేసరికే క్యాట్రిడ్జిలు మార్చారు, డ్రైవు తల శుభ్రం చేశారు, డ్రైవునే అంతకుముందు వారం మార్చారు. నేను స్క్రూడ్రైవరు బయటికి తీయలేదు. ఏ రోజుల్లో ఆగింది, ఏ వేళకు ఆగింది, అప్పుడు ఎవరెవరు ఏం చేస్తున్నారు అని అడుగుతూ కూర్చున్నాను. డ్రాఫ్టుల కౌంటరులోని అమ్మ కాసేపు ఆలోచించి చెప్పింది: “నేను డీడీ ప్రింట్ కొట్టిన రోజే ఆగుతది సార్. శనివారం డీడీలు తక్కువ, ఆ రోజు ఆగదు.” మూడు వారాలుగా అందరూ వెతుకుతున్న జవాబు ఆమె దగ్గరుంది. అడిగినవాళ్లు లేరు.

డీడీల ప్రింటరు రెండో ప్యారలల్ పోర్టు మీద ఉంది. పీసీలో రెండో ప్యారలల్ పోర్టుకు ఆనవాయితీగా వచ్చే గంట 5. టేపు కార్డు మీద గంట నంబరు నిర్ణయించే చిన్న పిన్ను, అంటే జంపరు, చూస్తే అదీ 5 మీదే. ఎస్‌సీఓ అనే కంపెనీ యూనిక్స్‌లో హెచ్‌డబ్ల్యూకాన్ఫిగ్ అని ఒక ఆజ్ఞ ఉంది. ఏ డ్రైవరు ఏ చిరునామా, ఏ గంట, ఏ డీఎంఏ దారి వాడుతోందో అది వరసగా చూపిస్తుంది. అయితే కెర్నెల్‌కు మనం చెప్పిన లెక్కే అందులో కనిపిస్తుంది. కార్డు మీది జంపరు వేరేచోట ఉంటే అది ఆ జాబితాకు తెలియదు. అందుకే రెండూ చూడాలి: తెరమీది జాబితా చూడాలి, మూత విప్పి కార్డునూ చూడాలి. పహాణీలో ఉన్న విస్తీర్ణాన్నీ గట్టు మీద నిలబడి కొలిచిన విస్తీర్ణాన్నీ పోల్చుకోకుండా మా ప్రాంతంలో ఎవరూ భూమి కొనరు.

టేపు కార్డు 8 బిట్లది, దానికి వేరే ఖాళీ గంట దొరకలేదు. ఆ ప్రింటరుకు సీరియల్ దారి కూడా ఉంది కాబట్టి దాన్నే టెర్మినళ్ల కార్డు మీదికి మార్చాం. పని గంటసేపట్లో తేలిపోయింది.

పంచుకోవాల్సిన మూడో వస్తువు డీఎంఏ దారి. ప్రతి అక్షరాన్నీ ప్రాసెసరే మోయకుండా, కార్డు నుంచి మెమరీకి నేరుగా చేర్చే బండి అది. ఐఎస్ఏ బండికి పుట్టుకతో ఒక హద్దుంది: చిరునామా 24 బిట్లే కాబట్టి 16 మెగాబైట్లకు పైనున్న మెమరీని అది చూడలేదు. జనం పెరిగారని శాఖలో మెమరీ 8 నుంచి 24 మెగాబైట్లకు పెంచుతారు, యంత్రం చురుకవుతుంది, అందరికీ సంతోషం. కొన్నాళ్లకు బ్యాకప్ తప్పులు మొదలవుతాయి. టేపుకు ఇవ్వాల్సిన ముక్క 16 దాటిన చోట పడినప్పుడు, కెర్నెల్ దాన్ని కిందికి తెచ్చి అందించాలి. డ్రైవరు ఆ జాగ్రత్త తీసుకోకపోతే బండి తప్పు ఇంటికి పోయి, అక్కడున్నది ఎత్తుకుని వస్తుంది. బ్యాకప్ అయిందని తెర చెబుతుంది, టేపులో మాత్రం చెత్త ఉంటుంది. నాకు తెలిసిన తగాదాలన్నిటిలో ఇదే భయంకరమైనది, ఎందుకంటే ఇది ఆగదు, అరవదు.

ఇంకొన్ని బోర్డుల మీద డీఎంఏ చిప్పులకే ఒక బలహీనత ఉండేది. రెండు దారులు ఒకేసారి నడిస్తే అవి తడబడేవి. ఎస్‌సీఓ వాళ్లు దీనికోసం డీఎంఏఎక్స్‌సీఎల్ అనే ఒక మీటను కెర్నెల్‌లోనే పెట్టారు. అది 1 మీద ఉంటే ఒక దారి అయ్యాకే ఇంకో దారి. 0 పెడితే రెండూ కలిసి నడుస్తాయి. మామూలుగా 1 మీదే వచ్చేది. వేగం కోసం దాన్ని 0 చేసి, తర్వాత టేపును తిట్టినవాళ్లను చూశాను. మా పెద్దలు వారబందీ పెట్టింది ఇలాంటి చోటే. ఒకరి వంతు అయ్యాక ఒకరు, ఈ రాత్రి ఈ తూము, రేపు రాత్రి ఆ తూము. మొత్తం మీద కాస్త ఆలస్యమే, కానీ చివరి మడి తడుస్తుంది.

ఫ్లాపీ తీగకే తగిలించే చౌక టేపు డ్రైవుల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. గంటా దారీ రెండూ ఫ్లాపీవే కాబట్టి, టేపు నడుస్తుండగా ఫ్లాపీ ముట్టుకోకూడదు. పదిమంది వాడే యంత్రానికి అవి తగవు.

ఇక స్కజీ సంగతి. షుగార్ట్ అసోసియేట్స్ అనే డిస్కుల కంపెనీలో మొదలై, 1986లో అమెరికాలో ప్రమాణంగా స్థిరపడిన పద్ధతి ఇది. ఒకే పొడుగాటి కేబులు, దానిమీద డిస్కులూ టేపూ సీడీ డ్రైవూ వరసగా. అచ్చం కాలువే, దానిమీది తూములే. 8 బిట్ల స్కజీలో 0 నుంచి 7 వరకు ఎనిమిది నంబర్లు. 7 ఎక్కువ హక్కు గలది, దాన్ని మామూలుగా నియంత్రణ కార్డుకే ఇస్తారు. ఇద్దరు ఒకేసారి కేబులు అడిగితే పెద్ద నంబరుదే పైచేయి. డిస్కుకు 0, టేపుకు 2 పెట్టడం చాలాచోట్ల వాడుక.

రెండు పరికరాలకు ఒకే నంబరు పెడితే వచ్చే లక్షణాలు వింతగా ఉంటాయి. కార్డు నంబరే టేపుకూ పెడితే, ఒక్క టేపు డ్రైవు అన్ని నంబర్ల దగ్గరా ఉన్నట్టు జాబితాలో కనిపిస్తుంది. పిలిచిన ప్రతి పేరుకూ ఒకడే పలికినట్టు. అలా కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు, జంపరు మార్చడమే.

కేబులు రెండు చివర్లా టెర్మినేటర్లు ఉండాలన్నది ఇంకో నియమం. ఎందుకో చాలామంది యాంత్రికంగా పాటిస్తారు గానీ, కాలువ గట్టున పెరిగినవాళ్లకు అది కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది. పారుతున్న కాలువకు ఎదురుగా షట్టరు ఒక్కసారిగా దించితే ఏమవుతుంది? అల తలుపుకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. వస్తున్న అలా పోతున్న అలా కలిసి నీరు ఎగిరెగిరి పడుతుంది. తీగలో పారే సంకేతానికీ అదే జరుగుతుంది. తీగ చివర ఏమీ లేకపోతే సంకేతం తిరిగొచ్చి, వెనకనుంచి వస్తున్న సంకేతాన్ని చెడగొడుతుంది. టెర్మినేటరు ఆ అలను మింగేస్తుంది. పాతరకం టెర్మినేటర్లలో ప్రతి తీగకూ 220 ఓములది ఒకటి, 330 ఓములది ఒకటి నిరోధకాలు ఉండేవి. తర్వాతివాటిలో 110 ఓములు. రెండే ఉండాలి, రెండూ చివర్లలోనే ఉండాలి. కొత్త టేపు డ్రైవు తెచ్చి కేబులు చివర తగిలించి, అంతకుముందు చివరనున్న డిస్కు మీది టెర్మినేటరు తీయడం మరిచిపోతే కాలువ మధ్యలో ఒక షట్టరు దించినట్టే. యంత్రం లేస్తుంది, పని కూడా చేస్తుంది. గట్టిగా రాయడం మొదలుపెట్టాకే తప్పులు వస్తాయి. పొడవుకూ హద్దుంది. మొదటి తరం స్కజీకి 6 మీటర్లు, వేగం రెట్టింపయ్యాక 3 మీటర్లు. పెట్టె లోపల మడతపడ్డ కేబులు పొడవును కూడా ఇందులో కలుపుకోవాలి.

స్కజీలో నాకు ఎంతో నచ్చిన మర్యాద ఒకటుంది. టేపు వెనక్కి చుట్టుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలన్నీ కేబులును పట్టుకుని కూర్చోకుండా, “నేను చుట్టుకుంటున్నాను, అయ్యాక పిలుస్తాను” అని కాలువ వదిలేసి పక్కకు తప్పుకుంటుంది. ఈ వీలును కార్డు అమరికలో పొరపాటున ఆపేస్తే చూడండి. డిస్కూ టేపూ ఒకే కేబులు మీద ఉన్నప్పుడు, టేపు చుట్టుకున్నంతసేపూ డిస్కుకు దారి ఉండదు. పన్నెండు టెర్మినళ్లూ బిగుసుకుపోతాయి. చుట్టడం అవగానే ఏమీ జరగనట్టు అన్నీ కదులుతాయి. ‘ప్రతి రాత్రి తొమ్మిదింటికి రెండు నిమిషాలు యంత్రం నిద్రపోతుంది’ అన్న ఫిర్యాదు వస్తే నేను ముందు చూసేది ఈ అమరికనే. కుదిరితే టేపుకు విడిగా ఇంకో స్కజీ కార్డు పెట్టడం అన్నిటికన్నా మంచిది. రాజోలిబండ చివరి రైతుల కోసం తుమ్మిళ్ల దగ్గర తుంగభద్ర నుంచి నేరుగా నీళ్లు ఎత్తిపోసే పథకం 2018లో మొదలైంది. పై కాలువ మీద ఆధారపడకుండా చివరివాడికి తనదైన దారి. దానిలో ఉన్న ఆలోచనా అదే.

ఎత్తిపోత అన్నాను కాబట్టి మోటారు సంగతి. బావిలో ఊట తక్కువై మోటారు గాలి పీల్చుకుంటే ఏం చేస్తాం? ఆపి, నీళ్లు ఊరనిచ్చి, మళ్లీ వేస్తాం. పదిసార్లు అలా చేస్తే మోటారు పాడవుతుంది. టేపు డ్రైవుదీ ఆ స్వభావమే. అది ఒక నిర్ణీత వేగంతో పరుగెత్తుతూ రాస్తుంది. డిస్కు నుంచి డేటా సమయానికి అందకపోతే టేపు వెంటనే ఆగలేదు. కొంత ముందుకు పోయి ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ పరుగందుకుని ఆగినచోటి నుంచి రాయాలి. ముందుకూ వెనక్కూ ఇలా ఊగడాన్ని బూటు తుడిచే గుడ్డతో పోల్చారు పాశ్చాత్యులు. గంటలో అయ్యే బ్యాకప్ నాలుగు గంటలు పడుతుంది, టేపూ తలా రెండూ అరిగిపోతాయి. విచిత్రమేమిటంటే వేగవంతమైన డ్రైవు కొన్నచోటే ఇది ఎక్కువ. పంపు పెద్దదైతే బావి త్వరగా ఎండుతుంది. దీనికి మందు నడుమ ఒక తొట్టి కట్టడం, అంటే మెమరీలో పెద్ద బఫరు పెట్టి, అది నిండాకే టేపును కదిలించడం.

కరెంటు సంగతి వదలలేను. మా వైపు ఎండాకాలం భూమి పిడచగట్టుకుపోతుంది. ఉప్పూ బొగ్గూ పోసి తవ్విన ఎర్తింగు గుంతలో నీళ్లు పోయకపోతే ఎర్తు పేరుకే ఉంటుంది. వేరే గదిలోని టెర్మినల్‌కు వేరే ఎర్తు ఉంటే, రెండు ఎర్తుల నడుమ తేడా వోల్టేజీ సన్నటి సీరియల్ తీగ గుండా యంత్రంలోకి పారుతుంది. ఏసీ కంప్రెసరు మొదలైన ప్రతిసారీ టేపులో ఒక తప్పు పడిందంటే కార్డులు మార్చకండి. న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి, గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయండి.

కార్డులూ తీగలూ బాగున్నా ఇంకో రకం తగాదా మిగులుతుంది. టేపులోకి ఫైలు పోతుండగానే కౌంటరులో ఎవరో అందులో కొత్త జమ రాస్తారు. ఫైలు మొదటి సగం మార్పుకు ముందుది, రెండో సగం తర్వాతిది. అలాంటి ఖాతా ఏ క్షణంలోనూ ఉన్నది కాదు. ఎలిజబెత్ జ్వికీ అనే యూనిక్స్ నిపుణురాలు 1991లో బ్యాకప్ ప్రోగ్రాములను వరసపెట్టి పరీక్షించి, చదువుతుండగా మారే ఫైళ్ల ముందు, వింత పేర్ల ముందు, సందులున్న ఫైళ్ల ముందు అవి ఎలా తడబడతాయో చూపించింది. అందరూ నమ్ముకున్న ప్రోగ్రాములే అవి. డేటాబేసును ఆపి తీయడం, లేదా ఒక క్షణపు నకలు పట్టి ఆ నకలును టేపుకెక్కించడం దీనికి దారి.

తగాదా ఎక్కడుందో కనిపెట్టడానికి నేను నమ్ముకున్న పద్ధతి చెబుతాను. ముందు డిస్కును ఒంటరిగా నడపాలి: డీడీ అనే యూనిక్స్ ఆజ్ఞతో (డ్రాఫ్టు డీడీ కాదు) డిస్కునంతా చదివి శూన్య పరికరంలో, అంటే డెవ్ నల్‌లో, పారబోయాలి. ఇందుకు ఫైళ్లను మూటకట్టే గ్నూ టార్ ప్రోగ్రామును వాడకూడదు. గమ్యం డెవ్ నల్ అని తెలియగానే అది ఫైళ్లను చదవకుండానే దాటేస్తుంది, మనకు డిస్కు బాగుందన్న భ్రమ మిగులుతుంది. తర్వాత టేపును ఒంటరిగా నడపాలి, డిస్కుతో పని లేకుండా మెమరీ నుంచే రాయిస్తూ. ఉత్త సున్నాలు రాయిస్తే, కుదించే వీలున్న డ్రైవులు వాటిని నలిపి చిన్నవి చేస్తాయి కాబట్టి వేగం నమ్మలేం. చిందరవందర అంకెలు రాయించాలి. విడివిడిగా రెండూ బాగుంటే కలిపి నడపాలి. ఆ పైన ప్రింటర్లు, టెర్మినళ్లు, నెట్‌వర్కు ఒక్కొక్కటే కలుపుతూ పోవాలి. ఏది కలిపినప్పుడు ఆగిందో తగాదా దానితోనే. ఒకసారికి ఒకే మార్పు. మార్చినది పనిచేయకపోతే దాన్ని మొదట ఉన్నట్టు పెట్టాకే రెండో మార్పు. ఆత్రంతో మూడు జంపర్లు ఒకేసారి మార్చినవాడికి యంత్రం బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటినుంచీ వెతకాలి.

జంపర్ల కాలం పోయింది. 1992లో వచ్చిన పీసీఐ బస్సు గంటల లెక్కను మార్చింది. అందులో వేలు తీసేదాకా గంట మోగుతూనే ఉంటుంది కాబట్టి ఇద్దరు పంచుకున్నా ఎవరి పిలుపూ తప్పిపోదు. కానీ పంపకం ఇంకో మెట్టు పైకెక్కింది. పెద్ద డేటా కేంద్రాల్లో ఒకే టేపు డ్రైవును అనేక సర్వర్లు నెట్‌వర్కు మీదుగా పంచుకుంటాయి. ఒక సర్వరు లేస్తూ ‘అందరూ మొదటికి రండి’ అని రీసెట్ పంపిందనుకోండి. ఇంకో సర్వరు కోసం సగం రాసిన టేపు మొదటికి చుట్టుకుపోవచ్చు. రాస్తున్న ప్రోగ్రాము అది గమనించకపోతే మిగతా సగాన్ని మొదటి సగం మీదే రాసేస్తుంది. అందుకే ఇప్పుడు డ్రైవును ముందుగా రిజర్వు చేసుకునే పద్ధతి ఉంది. బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టే.

టేపూ పోలేదు. 2021లో వచ్చిన ఎల్‌టీఓ తొమ్మిదో తరం క్యాట్రిడ్జి ఒక్కటే 18 టెరాబైట్లు ఇముడ్చుకుంటుంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు తప్పు వల్ల కొద్దిమంది జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయినప్పుడు, డిస్కుల మీది నకళ్లకు కూడా ఆ తప్పు అంటుకుంది. గూగుల్ ఆ ఉత్తరాలను టేపుల నుంచి తిరిగి తెచ్చింది. మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర 1979 నుంచి ఉపగ్రహాల చిత్రాలు అందుకుంటున్న భూకేంద్రం ఉంది, ఇప్పుడు ఎన్‌ఆర్‌ఎస్‌సీ కింద. ఆకాశం నుంచి దిగిన మొదటి దశాబ్దాల చిత్రాలన్నీ చేరింది టేపుల్లోకే.

టేపును ఎక్కడ దాస్తామన్నదీ ముఖ్యమే. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగినప్పుడు మాకు ఆనుకుని ఉన్న రాజోలి మునిగింది. నేతగాళ్ల ఇళ్లూ మగ్గాలూ నీళ్లలో ఉన్నాయి. అలంపూర్ మునిగింది, కర్నూలు నగరం మునిగింది. అల్మారాలో యంత్రం పక్కనే పెట్టిన క్యాట్రిడ్జి అలాంటి రోజున యంత్రంతో పాటే పోతుంది. వారానికొకటైనా వేరే ఊరి శాఖకు పంపమని నేను చెప్పిన ప్రతిచోటా, నదికి ఇవతల ఒకటి, అవతల ఒకటి అని చెప్పేవాణ్ణి.

గద్వాల వైపు ఆ శాఖలో ఆ రోజు ప్రింటరు మార్చడంతో నా పని అయిపోలేదు. రాత్రి బ్యాకప్ ఎప్పుడూ బాగానే ఉంటోంది కాబట్టి రాత్రి పరీక్షిస్తే లాభం లేదు. మరుసటి మధ్యాహ్నం దాకా ఉండి, కౌంటర్లన్నీ నిండుగా ఉన్న వేళ చూసి క్యాట్రిడ్జి పెట్టాను. టేపు కదిలింది. డ్రాఫ్టుల కౌంటరు వైపు తిరిగి, “అమ్మా, ఉన్న డీడీలన్నీ ఇప్పుడే కొట్టండి” అన్నాను. ఆమె ప్రింటరు గరగరలాడుతుండగానే టేపు చివరిదాకా నడిచింది. అప్పుడు ఆ టేపులోంచి నిన్నటి డే ఎండ్‌లో మూసిన ఒక లెడ్జరు ఫైలును ఖాళీ డైరెక్టరీలోకి తిరిగి దించి, అసలుదానితో అక్షరం అక్షరం పోల్చమని యంత్రానికి చెప్పాను. పోల్చే ఆజ్ఞ తేడా దొరికితేనే ఏదో ఒకటి చెబుతుంది. తెరమీద ఏమీ రాకుండా, తర్వాతి ఆజ్ఞ కోసం ఎదురుచూసే డాలరు గుర్తు మళ్లీ వచ్చి నిలబడింది. క్యాట్రిడ్జి తీసి, దానిమీద గురువారం అని రాసి మేనేజరు చేతికిచ్చి, మూడున్నర బస్సుకు బయల్దేరాను.